పద్దెనిమిది పాయింట్ ఒకటి

సోమవారం పొద్దున ఎనిమిదింటికి ల్యాబు తలుపు తీయగానే అతను గోడకు అంటించిన గ్రాఫు కాగితం మీద ఒక చుక్క పెట్టాడు: 21.4. రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి చూశాడు. దూరం నుంచి చూసినా అంకె అంతే ఉంది. తెల్ల కోటు తగిలించుకుని, బల్ల ముందు కూర్చుని, ఎవరిదో పై దవడ అచ్చు చేతిలోకి తీసుకున్నాడు.

అతని పని పళ్ళు చేయడం. డాక్టర్లు రోగుల నోళ్ళలోంచి అచ్చులు తీసి డబ్బాల్లో పెట్టి పంపుతారు. అతను వాటిలో ప్లాస్టర్ పోసి దవడ తీస్తాడు, మైనంతో పన్ను మలుస్తాడు, పింగాణీ ముద్ద అద్ది కొలిమిలో కాలుస్తాడు, భూతద్దం కింద పెట్టి అరగదీస్తాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే. పన్ను వెంట్రుకవాసి ఎత్తు పెరిగినా నమిలేవాడికి నోట్లో గులకరాయి ఉన్నట్టే ఉంటుంది, డబ్బా మర్నాడే తిరిగొస్తుంది. అతని డబ్బాలు తిరిగి రావు. ప్రతి పన్నునూ మూడుసార్లు చూసిగాని మూత పెట్టడు.

అంత నెమ్మదైన చేతులు శనివారం గోల్ఫు కర్ర పట్టుకోగానే ఎందుకు ఎదురు తిరుగుతాయో అతనికీ తెలియదు. పాపం ప్రయత్నలోపం లేదు. బంతి కొట్టే ముందు దూరాన్ని అడుగులేసి కొలుస్తాడు. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి గడ్డి తెంపి ఎగరేస్తాడు. నేల వాలు చూడటానికి మోకాళ్ళ మీద కూర్చుని ఒక కన్ను మూస్తాడు. అంతా అయ్యాక బంతి తనకు నచ్చిన చోటికి పోతుంది. మైదానంలో అందరూ అతన్ని కొలబద్ద అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, తర్వాత మొహం మీదే అన్నారు, ఇప్పుడు అలా పిలిస్తేనే పలుకుతాడు.

మైదానం ఊరి చివర, నీళ్ళ ట్యాంకుల వెనక. మునిసిపాలిటీ వాళ్ళది. సభ్యత్వానికి సూటూ బూటూ అక్కర్లేదు. ఉన్నది తొమ్మిది గుంతలే, వాటినే రెండు చుట్లు తిరిగి పద్దెనిమిది అనుకోవాలి. ఏడాదిలో ఏడు నెలలు తెరుస్తారు, మిగతా ఐదు నెలలూ నేల చిత్తడి. వచ్చినవాడు రెండు చుట్లూ కలిపి డెబ్బై రెండు దెబ్బల్లో ముగించాలని లెక్క. కొలబద్ద లాంటివాళ్ళకి తొంభై దాటుతాయి. చివరి ఇరవై ఆటల్లో బాగా ఆడిన ఎనిమిదింటిని తీసి, డెబ్బై రెండు మీద సగటున ఎన్ని దెబ్బలు ఎక్కువ పడ్డాయో చూస్తారు. దాన్నే హ్యాండిక్యాప్ అంటారు. అది ఎంత తక్కువైతే మనిషి అంత గొప్పవాడు. పద్దెనిమిదీ, ఆలోపూ ఉన్నవాళ్ళు మొదటి గ్రూపు. ఆపైన ఉన్నవాళ్ళు రెండో గ్రూపు.

కొలబద్ద రెండో గ్రూపు. అతని బావ మొదటి గ్రూపు. కథంతా ఇక్కడే ఉంది.

బావ అంటే అక్క మొగుడు. సిటీ బస్సు నడిపి నడిపి పోయినేడు రిటైరయ్యాడు. కొలబద్ద పదహారో ఏట పళ్ళ పని నేర్చుకోవడానికి వచ్చి అక్కావాళ్ళింట్లో దిగినవాడు, నెల రోజులన్నవాడు, తొమ్మిదేళ్ళున్నాడు. ఆ ఇంట్లో బావ మాటలు లెక్కపెట్టొచ్చు. రోజంతా జనం అరుపులు విని వచ్చిన మనిషి ఇంట్లో కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకునేవాడు. బావ నోరు విప్పేది మైదానంలోనే. తన పాత కర్ర ఒకటి పొట్టిగా కోయించి బావమరిది చేతికిచ్చి, "ఊరికే కూర్చుంటే అక్క పని చెప్తుంది, పద" అని తీసుకుపోయాడు. అప్పటినుంచి శనివారం శనివారం ఇద్దరూ కలిసి తొమ్మిది గుంతలు రెండు చుట్లు తిరిగారు. తనకు పెళ్ళెందుకు వద్దో కొలబద్ద బావకి చెప్పింది ఆ నాలుగో గుంతకీ ఐదో గుంతకీ మధ్యే. డ్రైవరుగా ఒకసారి ఎవరినో గుద్దబోయి తప్పించుకున్నాక మూడు నెలలు చేతులు వణికాయని బావ చెప్పింది కూడా ఎక్కడో ఆ దారిలోనే. ఎదురెదురుగా కూర్చుని వాళ్ళెప్పుడూ మాట్లాడుకోలేదు. ముందుకు చూస్తూ నడుస్తుంటేనే మాటలొచ్చేవి.

మూడేళ్ళ కిందట బావ మొదటి గ్రూపులోకి ఎక్కాడు. ఆ తర్వాత వారమే, ఇద్దరూ ఆడుతుంటే, కొలబద్ద బంతి గుంతకి రెండడుగుల దూరంలో ఆగింది. అతను మోకాళ్ళ మీద కూర్చుని ఒక కన్ను మూశాడు. వెనక నలుగురు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. బావ వంగి ఆ బంతిని చేత్తో తీసేసి, "పోనీలేరా, పడిందనుకో" అన్నాడు. వెనకవాళ్ళు నవ్వారు.

ఆదివారం భోజనాల దగ్గర కొలబద్ద నోరు జారాడు. "బావా, నీ గ్రూపులోకి వచ్చేదాకా నేను నీతో ఆడను."

అక్క గరిటె పట్టుకుని ఆగిపోయింది. బావ నీళ్ళు తాగి, గ్లాసు పెట్టి, "సరే" అన్నాడు. అంతే. మళ్ళీ ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అదే వచ్చిన చిక్కు. ఎవరైనా ఎత్తి ఉంటే నవ్వుకుని వదిలేసేవాళ్ళు. మూడేళ్ళు మొదటి గ్రూపు పొద్దున ఎనిమిదింటికి, రెండో గ్రూపు పదకొండింటికి. ఒకడు వస్తుంటే ఇంకొకడు పోతుండేవాడు. సామాను కడుక్కునే కుళాయి దగ్గర ఎదురుపడితే "ఎంత?" అని ఒకరు, "తొంభై ఆరు" అని ఇంకొకరు.

ఈ సీజన్‌లో అతను పట్టుబట్టాడు. మధ్యాహ్నం తిండి డబ్బా ఖాళీ చేశాక, ప్లాస్టర్ కలిపే రబ్బరు గిన్నెను నేల మీద పక్కకు పడుకోబెట్టి, బల్లల మధ్యనుంచి అందులోకి బంతి దొర్లించేవాడు. రోజుకి వంద. అచ్చుల డబ్బా ఇవ్వడానికి వచ్చిన డాక్టరమ్మ ఒకసారి గుమ్మంలోనే ఆగి, "ఇంతకీ నా పేషెంటు పళ్ళు ఎక్కడున్నాయండీ?" అంది. "కొలిమిలో ఉన్నాయమ్మా, ఇంకా ఇరవై నిమిషాలు" అన్నాడు, తల ఎత్తకుండా. ఆవిడ ఇరవై నిమిషాలూ కూర్చుని లెక్కపెట్టింది. ముప్పై ఒకటికి పంతొమ్మిది లోపల పడ్డాయి.

రెండో నెలాఖరుకి గీత 20.6కి దిగింది. మూడో నెలలో 19.8. ఆ వారం అతను ఎవరూ లేకుండా చూసి గోడ మీది గ్రాఫుని వేలితో తడిమాడు కూడా. తర్వాత నెల మధ్యలో, ఎప్పటిలాగే ఆడిన ఒక మామూలు శనివారం తర్వాత, 20.3 అని వచ్చింది. ఆఫీసు కౌంటరు దగ్గరికి వెళ్ళి నిలదీశాడు.

"నేనేం చెడగొట్టలేదే. ఎలా పెరిగింది?"

కౌంటరులో కూర్చునే ఆవిడ కళ్ళజోడు పైకి తోసి కంప్యూటర్లో చూసింది. "పోయినేడు చివర్లో మీరొక రోజు బాగా ఆడారు కదా అన్నయ్యగారూ, అది ఇరవై ఒకటో ఆట అయిపోయింది. పడిపోయింది."

"పడిపోవడమేంటండీ? నేను ఆడాను కదా?"

"ఆడారు. పాతబడింది."

ఆ రోజు అతనికి బాగా గుర్తు. గాలి లేదు. ఏడో గుంత దగ్గర బంతి కొట్టిన చప్పుడు కూడా గుర్తుంది. అది తన లెక్కలోంచి వెళ్ళిపోయిందంటే మనసుకి ఎక్కలేదు. ఇంటికి పోతూ దారంతా అదే అనుకున్నాడు.

ఐదో నెలలో అక్క ల్యాబుకి వచ్చింది. అక్క ల్యాబుకి రావడం పదేళ్ళలో అదే. స్టూలు మీద కూర్చుని, బల్ల మీద వరసగా నవ్వుతున్న పళ్ళ సెట్లని చూసి మొహం తిప్పుకుంది.

"ఎలా కూర్చుంటావురా వీటి మధ్య?"

"అవేం మాట్లాడవక్కా. ఏంటి విషయం?"

"మీ బావకి మోకాళ్ళు రెండూ మార్చాలంటున్నారు. ముప్పై నాలుగేళ్ళు క్లచ్చు తొక్కాడు కదా, ఎడమది మరీ అరిగిపోయిందట. మీ సీజన్ అయిపోయిన వారం ఆపరేషన్."

అతను చేతిలో ఉన్న మైనపు పన్ను కింద పెట్టాడు. "తర్వాత ఆడొచ్చంటారు కదా. చాలామంది ఆడుతున్నారు."

"డాక్టరు ఆడొచ్చనే అన్నాడు. ఈయనే, ఇక చాలు, కర్రలు ఎవరికైనా ఇచ్చేస్తా అంటున్నాడు. మంకు నీ ఒక్కడి సొత్తా?" అంది. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "మూడేళ్ళనుంచీ శనివారం ఇంటికొచ్చి ఆ కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంటున్నాడురా. నాకు చెప్పడు. నీకైతే చెప్పేవాడు."

ఆ మాటతో అతను బావ దగ్గరికి పోయి, పద, ఆడదాం అనొచ్చు. అనలేదు. మాట వెనక్కి తీసుకుంటే బావ మోకాళ్ళని చూసి తీసుకున్నట్టుంటుందని ఒక సాకు. అసలు సంగతి, అతనికి అలా కాదు, నెగ్గి వెళ్ళాలని ఉంది. సీజన్ చివరి రోజు మొదటి గ్రూపు ముగింపు పోటీ ఉంటుంది. ఆ జాబితాలో బావ పేరు కింద తన పేరు ఉండాలి. పొద్దున ఎనిమిదింటికి బావ పక్కన నిలబడాలి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు. కాని దానికి పద్దెనిమిది కావాలి.

19.4. 18.9. మునుపు శనివారమే ఆడేవాడు, ఇప్పుడు బుధవారం సాయంత్రాలు కూడా. మెడ వెనక ఎండకి కమిలి నల్లబడింది. ఒకరోజు ఎనభై తొమ్మిది కొట్టాడు, జీవితంలో మొదటిసారి తొంభై లోపు. ఆఖరి అర్హత శనివారం నాటికి గోడ మీద 18.4. అతను కాగితం మీద లెక్కవేసి చూశాడు. ఎనిమిది ఆటల్లో అన్నిటికన్నా నాసిది తొంభై రెండు. దాని బదులు ఎనభై తొమ్మిది వచ్చి కూర్చుంటే సరిగ్గా పద్దెనిమిది. తొంభై వస్తే పద్దెనిమిది పాయింట్ ఒకటి.

ఆ శనివారం అతనికి జోడీ రిటైరైన లైబ్రేరియన్ గారు. ఆటలో ఎవరి దెబ్బలు వాళ్ళు రాసుకోకూడదు. నీది నేను, నాది నువ్వు రాయాలి. చివర్లో ఎవరి కార్డు వాళ్ళు చూసుకుని సంతకం పెట్టి పెట్టెలో వేయాలి. మొత్తం కూడటం ఆటగాడి పని కాదు, ఆఫీసుది. కార్డు మీద మొత్తం రాసే గడి కూడా ఉండదు.

లైబ్రేరియన్ గారు నెమ్మదస్తుడు. గుంతకీ గుంతకీ మధ్య తన మనవరాలి సంగీతం గురించి చెప్పేవాడు. కొలబద్ద ఊఁ కొడుతున్నాడు గాని చెవుల్లోకి పోతే కదా. మొదటి చుట్టు నలభై ఆరు. రెండో చుట్టు నలభై మూడు కావాలి. ట్యాంకుల కంచె పక్కన ఉన్న ఆరో గుంత అతనికి ఎప్పుడూ పడదు. మొదటి చుట్టులో దానికి ఆరు దెబ్బలు పట్టాయి. రెండో చుట్టులో అదే గుంత, ఇప్పుడు దాని నంబరు పదిహేను, ఐదింట్లో తెమిలిపోయింది. ఆఖరి గుంత దగ్గర బంతి అంచున ఆగి, ఒక్క క్షణం ఆలోచించుకుని, లోపల పడింది. ఎనభై తొమ్మిది.

లైబ్రేరియన్ గారు కార్డు ఇచ్చాడు. అతను చూశాడు. చూశాడంటే కళ్ళు దాని మీద ఉన్నాయి. బుర్రలో మాత్రం ఎనభై తొమ్మిది అని ఒకటే మోత. సంతకం గీకి పెట్టెలో వేసి, దాదాపు పరుగెత్తినట్టే కుళాయి దగ్గరికి వెళ్ళాడు. పొద్దున ఆట ఎప్పుడో అయిపోయినా బావ అక్కడే రాతి గట్టు మీద ఒక కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు.

"ఎంత?"

"ఎనభై తొమ్మిది."

బావ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టాడు. తర్వాత చెయ్యి చాపాడు. చేతులు కలపడానికేమో అనుకున్నాడు ఇతను. "లేపరా" అన్నాడు బావ. లేచి నిలబడి, ప్యాంటు దులుపుకుని, "ఎనిమిదింటికి మొదలవుతుంది. నీ గడ్డి తెంపుడూ, కన్ను మూయుడూ నా వెనక పెట్టుకో. నన్ను ఆపావంటే మాత్రం ఊరుకోను" అన్నాడు.

మర్నాడు భోజనాల దగ్గర అక్క ఆ పాత మాట ఎవరికీ గుర్తు చేయలేదు గాని, మూడేళ్ళ తర్వాత బావ రెండోసారి వడ్డించుకున్నాడు. ఆఫీసుకి ఫోను చేసి ఇద్దరి పేర్లూ ఒకే జట్టులో వేయమని చెప్పానన్నాడు. మూడో మనిషిగా, మూడేళ్ళుగా తనతో ఆడుతున్న తాళాల షాపు అన్నదమ్ముల్లో ఎవరో ఒకరు వస్తారట.

సోమవారం గోడ మీద చుక్క పడింది: 18.0.

మంగళవారం పదకొండింటికి కౌంటరు ఆవిడ ఫోను. "అన్నయ్యగారూ, మీది 18.1 వచ్చింది. తొంభై."

"ఎనభై తొమ్మిదండీ. మళ్ళీ కూడండి."

"మూడుసార్లు కూడి చూశాను."

కొలిమి ఆపేసి వెళ్ళాడు. ఆవిడ కార్డు బల్ల మీద పెట్టి అతని వైపు తిప్పింది. పదిహేనో గడిలో ఆరు. గుండ్రంగా, ముచ్చటగా, లైబ్రరీ పుస్తకాల వెన్ను మీద రాసినట్టు.

"ఇది ఐదు" అన్నాడు. మొదటి దెబ్బ ఎక్కడ పడిందో, రెండోది ఏ చెట్టు పక్కనుంచి పోయిందో, ఐదూ చెప్పాడు. ఆవిడ విన్నది. విని, లైబ్రేరియన్ గారికి ఫోను కలిపింది. ఆయన అవతల అయ్యో అన్నది ఇవతలికి వినిపించింది. మొదటి చుట్టులో ఆ గుంతకి ఆరు రాశాడు. రెండోసారి అక్కడికే వచ్చేసరికి చెయ్యి అలవాటుగా ఆరు రాసేసింది. గుంత అదే కదా.

"నేను రాసిస్తానండీ, తప్పు నాదని. ఇప్పుడే వస్తాను, సంతకం పెడతాను" అంటున్నాడు ఆయన.

"సంతకం ఆయన పెట్టేశారు కదండీ" అంది ఆవిడ. గోడ మీది నియమాల బోర్డు వైపు చూపించలేదు. చూపించక్కర్లేదు. పెట్టెలో పడిన కార్డులో కొట్టినదానికన్నా తక్కువ రాసి ఉంటే ఆట రద్దు. ఎక్కువ రాసి ఉంటే ఎక్కువే ఖాయం. ఈ మైదానంలో కొత్తగా చేరినవాడికి కూడా మొదటి రోజే అది చెప్తారు.

"నేను కూడతానంతే అన్నయ్యగారూ" అంది. "నా చేతిలో ఏం లేదు." "నాకు బాధగానే ఉంది" అని కూడా అంది.

అతను ఫోను తీసుకుని లైబ్రేరియన్ గారితో, "రాకండి సార్. చూసుకోవాల్సింది నేను" అని పెట్టేశాడు.

సాయంత్రం అక్కావాళ్ళింటికి వెళ్ళాడు. బావ కుర్చీలో ఉన్నాడు, మోకాలి మీద వేడినీళ్ళ సంచి. విషయం ఫోనులో ముందే తెలిసింది. కొలబద్ద ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరికీ ఎక్కడ చూడాలో తెలియలేదు.

"బావా, రేపు మైదానం ఖాళీగా ఉంటుంది. ఊరికే ఇద్దరం వెళ్దాం. ఆడదాం."

బావ సంచి సర్దుకున్నాడు. "వద్దురా."

"నేనన్న మాట నేనే వెనక్కి తీసుకుంటున్నా. పిచ్చి మాట అది."

"పిచ్చి మాటే. అన్న రోజే తీసుకుని ఉంటే బాగుండేది. నేనూ వంగి ఆ బంతి తీయకుండా ఉండాల్సింది. ఇప్పుడు రేపు వెళ్ళామనుకో, నా కుంటుడు చూసి నువ్వు నెమ్మదిగా నడుస్తావు. నీ మొహం చూసి నేను కుంటకుండా నడుస్తాను. ఎవరి మీద ఎవరు జాలి పడుతున్నారో తెలియకుండా తొమ్మిది గుంతలు తిరగాలి. నావల్ల కాదు."

వంటింట్లోంచి అక్క గొంతు. "ఇద్దరూ కలిసి ఆ కర్రలు ఇలా పట్రండి. పొయ్యిలో పెడతా. ఒక పూట వంటకి వస్తాయి."

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "డాక్టరు ఏమన్నాడో చెప్పావా వాడికి? శనివారం ఆడాలంటే పక్కన మనిషి ఉండాలన్నాడు. కాలు మడత పడితే పట్టుకోవడానికి. ఆ తాళాలవాళ్ళు పట్టుకుంటారా?"

"వాళ్ళు పట్టుకుంటే మళ్ళీ తెరుచుకోను" అన్నాడు బావ.

కొలబద్ద అన్నాడు: "నీ కార్డు ఎవరు రాస్తారు?"

"జట్టులోవాళ్ళే. ఎవరో ఒకరు."

అతను మర్నాడు పొద్దున ల్యాబు తెరవకముందే కౌంటరు దగ్గరికి వెళ్ళాడు. ఆడనివాడు కార్డు రాయొచ్చా అని అడిగాడు. ఆవిడ నియమాల పుస్తకం తీసి, పేజీలు తిప్పి, ఇంకోసారి తిప్పి, రాయొచ్చంది. కాకపోతే ముగింపు పోటీలో మొదటి గ్రూపు ఒంటిగంట దాకా తెమలదు, రెండో గ్రూపు పదకొండింటికే బయలుదేరుతుంది. రెండూ కుదరవు. రాస్తే ఆడటానికి లేదు.

"రెండో గ్రూపులో మీరు నాలుగో పేరు అన్నయ్యగారూ. మీకు గెలిచే అవకాశం ఉంది ఈసారి."

"కొట్టేయండి" అన్నాడు. ఆవిడ స్కేలు పెట్టి పేరు మీద గీత గీసింది.

శనివారం మబ్బు పట్టి ఉంది. తాళాల షాపు అన్నదమ్ములిద్దరూ వచ్చారు. పెద్దవాడు కొలబద్ద చేతిలో కర్రల సంచి లేకపోవడం చూసి, "ఏంటి, కొలవడానికే వచ్చారా?" అన్నాడు. అతను చెవి మీద పెన్సిల్ పెట్టుకుని, "రాయడానికి" అన్నాడు. కర్రల సంచి పెట్టిన చక్రాల బండిని బావ తానే లాగుతానని పట్టుబట్టి, రెండో గుంత దాటాక ఇతని చేతిలో పెట్టాడు.

రాసేవాడు ఆటగాడికి సలహా చెప్పకూడదు, బంతిని ముట్టుకోకూడదు. మిగతా ఏమైనా మాట్లాడుకోవచ్చు. మొదటి మూడు గుంతలు ఏమీ మాట్లాడుకోలేదు. ప్రతిసారీ బావ కర్ర ఎత్తగానే కొలబద్ద భుజాలు కూడా కదిలేవి. చేతులకి పని లేక జేబుల్లో పెట్టుకున్నాడు. ఈ దూరానికి తానైతే ఏ కర్ర తీసేవాడో, ఎక్కడ నిలబడేవాడో అతని ఒంటికి తెలుస్తూనే ఉంది. తానూ ఆడుతూ ఉండాల్సిన చోట చేతులు జేబుల్లో పెట్టుకుని నడవడం ఎంత కష్టమో అతను ముందు అనుకోలేదు.

నాలుగో గుంత దాటాక, అన్నదమ్ములు ముందు నడుస్తుంటే, బావ అన్నాడు: "మూడేళ్ళు నాకు వీళ్ళే దిక్కు. తాళాల గురించి ఇక నాకు తెలియనిది లేదు. ఏ బీరువా అయినా తెరుస్తా."

"పోనీ మీ ఇంట్లోది తెరువు. అక్క తాళం పోయిందంటోంది."

"అది పోలేదురా, నేనే దాచా. అందులో స్కానింగు రిపోర్టులున్నాయి. రోజూ తీసి చదివి ఏడుస్తోంది." నాలుగడుగులు నడిచాడు. "మత్తు ఇస్తారు కదా. అదే నాకు భయం. బండి ఇంకొకరి చేతిలో పెట్టి ఎప్పుడూ నిద్రపోలేదు."

కొలబద్ద ముందుకు చూస్తూ నడిచాడు. "నేను బయటే కూర్చుంటా."

"కూర్చో" అన్నాడు బావ. "మీ అక్క పక్కన కూర్చో. నన్ను తిట్టకుండా చూడు."

మొదటి చుట్టు నలభై ఆరు. పదకొండో గుంత నుంచి ఎడమ కాలు ఈడ్చడం మొదలైంది. పద్నాలుగో దగ్గర బావ బల్ల మీద కూర్చుని, వెనక వచ్చే జట్టుని ముందుకు పొమ్మని చెయ్యి ఊపాడు. అన్నదమ్ములు కూడా ఆగారు. చిన్నవాడు నీళ్ళ సీసా ఇచ్చాడు. "ఆపేద్దామా బావా?" అని కొలబద్ద అడిగాడు. అది ఆట సలహా కిందికి వస్తుందో రాదో అతనికి తెలియదు.

"దిగాల్సిన స్టాపు ఇంకా రాలేదు" అని బావ లేచాడు. లేవడానికి ఇతని మోచెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి తర్వాత గుంత దాకా వదల్లేదు.

పదిహేడో గుంతలో బంతి ఇసుకలో పడింది. ఇసుకలో వంగి నిలబడాలంటే మోకాలు మడవాలి. మూడు దెబ్బలు ఇసుకలోనే పోయాయి. బయటికి వచ్చి ముగించేసరికి పెద్దవాడు మొహం తిప్పుకున్నాడు.

"ఎంత రాశావు?" అన్నాడు బావ, ఆయాసపడుతూ.

"ఎనిమిది."

"ఎనిమిదేనా?"

"ఎనిమిదే."

బావ తల ఊపాడు. "సరిగ్గా లెక్కపెట్టావు."

ఆట ముగిశాక కుళాయి పక్కన గట్టు మీద కూర్చుని, కొలబద్ద ఒక్కో గుంతా పైకి చదివాడు. బావ ఒక్కోదానికీ ఊఁ అన్నాడు. పద్దెనిమిది ఊఁలయ్యాక ఇద్దరూ సంతకాలు పెట్టారు. కార్డు పెట్టెలో వేయడానికి బావ తానే నడిచి వెళ్ళాడు. కౌంటరు ఆవిడ అప్పటికప్పుడు తీసి, పెదాలు కదుపుతూ కూడి, బోర్డు మీద బావ పేరు పక్కన సుద్దతో రాసింది: 97. ముప్పై ఒక్క మందిలో ముప్పయ్యో స్థానం.

ఆపరేషన్ మంగళవారం. పొద్దున ఆరున్నరకల్లా ఆసుపత్రిలో ఉండమన్నారు. ముందు ఎడమ మోకాలు. కొలబద్ద సోమవారం సాయంత్రమే డాక్టర్లందరికీ ఫోను చేసి, బుధవారం దాకా పళ్ళు లేవని చెప్పాడు.